గిట్టుబాటు కిరాయి తేల్చుకోవడం ఎలా? సొంత లారీ నడుపుకొనేవారికి ఒక లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున్నే వచ్చే బ్రోకరు ఫోను చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: “చెన్నైకి పద్దెనిమిది టన్నులు ఉంది అన్నా, టన్నుకు పదిహేను వందలు, బండి పెడతావా?” జవాబు చెప్పడానికి రెండు నిమిషాలకు మించి వ్యవధి ఉండదు, మనం కాదంటే అతను వెంటనే ఇంకో నంబరు కలుపుతాడు. ఆ రెండు నిమిషాల్లో లెక్క వేయడం ఎవరివల్లా కాదు. అందుకే తన బండి రోజుకు ఎంత తింటుంది, కిలోమీటరుకు ఎంత తింటుంది అన్న రెండు అంకెలను ముందే తేల్చుకొని ఉంచుకోవాలి. నేను పదకొండేళ్ళు పది టైర్ల లారీ నడిపాను. ఆ రెండు అంకెలు నాకు స్పష్టంగా తెలియక ముందు గడిచిన నాలుగేళ్ళలో నెలాఖరుకు డబ్బు ఎటు పోయిందో తెలియక పడిన బాధ ఇంకొకరికి రాకూడదనే ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు రవాణాకు కనీస, గరిష్ఠ కిరాయిలను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది గానీ, మార్కెట్ లోడుకు, అంటే బ్రోకరు ద్వారా ఏ రోజుకారోజు దొరికే లోడుకు, కిరాయిని తేల్చేది మాత్రం ఆ రోజు ఆ ఊళ్ళో ఎన్ని లోడ్లు ఉన్నాయి, ఎన్ని బండ్లు ఖాళీగా నిలబడి ఉన్నాయి అన్నదే. అంటే కిరాయి మన చేతిలో లేదు. ఏ కిరాయికి కాదనాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఖర్చులు రెండు రకాలు. బండి నిలబడినా అయ్యేవి మొదటి రకం, కదిలితేనే అయ్యేవి రెండో రకం. మొదటి రకంలో ఫైనాన్సు వాయిదా, ఇన్సూరెన్సు, క్వార్టర్లీ ట్యాక్సు, నేషనల్ పర్మిట్, ఫిట్‌నెస్, వీటితోపాటు డ్రైవరు జీతం వస్తాయి. సొంతంగా నడుపుకొనేవారిలో ఎక్కువమంది ఈ చివరిదాన్ని వదిలేస్తారు, నా బండిని నేను నడుపుకొంటుంటే జీతమేమిటి అంటారు. అది చాలా పెద్ద పొరపాటు. అదే పనికి ఇంకొకరిని పెడితే ఎంత ఇవ్వవలసి వస్తుందో అంత మొత్తాన్ని ఖర్చుగా రాసుకోకపోతే, మన కష్టాన్ని సరుకు యజమానికి ఉచితంగా ఇస్తున్నట్టే లెక్క. ఉదాహరణకు వాయిదా నెలకు 42,000, ఇన్సూరెన్సు వాటా 7,000, పన్ను, పర్మిట్, ఫిట్‌నెస్‌లకు 3,000, మన జీతం 24,000, ఫోను, పార్కింగు, చిల్లర 2,000 రూపాయలు అనుకొంటే మొత్తం 78,000 అవుతుంది. రిపేర్లకు, ఇంటికి నాలుగు రోజులు తీసేసి 26 రోజులతో భాగిస్తే రోజుకు 3,000 రూపాయలు. ఇది ఈ ఉదాహరణలోని బండికి వచ్చిన అంకె, మీ కాగితాలు ముందు పెట్టుకొని మీ బండికి మీరే కట్టుకోవాలి.

రెండో రకంలో డీజిల్, టోలు, టైర్లు, మరమ్మతు ఉంటాయి. డీజిల్, టోలు రోజూ కళ్ళకు కనపడతాయి కాబట్టి ఎవరూ మరిచిపోరు. టైర్లు మాత్రం ఏడాదికో రెండేళ్ళకో ఒకేసారి మీదపడతాయి. పది టైర్లకు రెండు లక్షలు పెట్టి అవి 80,000 కిలోమీటర్లు నడిచాయంటే, కిలోమీటరుకు రెండున్నర రూపాయలు టైరు తినేసినట్టు. ఆయిలు, గ్రీజు, బ్రేకు లైనింగులు, కమాను పట్టీలకు మరో రెండు రూపాయలు వేసుకొంటే, కిలోమీటరుకు నాలుగున్నర రూపాయలు పక్కన పెట్టవలసిందే. ఈ డబ్బును విడిగా ఒక బ్యాంకు ఖాతాలో ప్రతి ట్రిప్పు తర్వాత వేసుకొనేవాడికి టైర్ల కోసం వడ్డీకి తెచ్చుకోవలసిన అవసరం రాదు.

ఇప్పుడు బ్రోకరు చెప్పిన చెన్నై లోడు దగ్గరికి వద్దాం. విజయవాడ నుంచి చెన్నై సుమారు 450 కిలోమీటర్లు. 18 టన్నులకు టన్నుకు 1,500 చొప్పున 27,000 రూపాయలు వస్తాయి. లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు, ఖాళీగా 6 కిలోమీటర్లు వస్తుందని, డీజిల్ లీటరు 97 రూపాయలని అనుకొంటే, పోయేటప్పుడు డీజిల్‌కు సుమారు 10,900, ఖాళీగా తిరిగివస్తే 7,300 అవుతుంది. టోలు రానూపోనూ 7,000, టైర్లు, మరమ్మతు వాటా 900 కిలోమీటర్లకు 4,050, భోజనం, యాడ్‌బ్లూ (ఇంజను పొగను శుభ్రపరిచే ద్రవం), లోడింగు మామూళ్ళ వంటి చేతి ఖర్చులు 2,000. అన్నీ కలిపితే 31,250. వచ్చింది 27,000. అంటే రోజువారీ 3,000ను ఇంకా లెక్కలోకి తీసుకోకముందే 4,250 రూపాయలు నష్టం. ఎత్తడానికి, నడపడానికి, దించడానికి, తిరిగిరావడానికి నాలుగు రోజులు పడితే మరో 12,000 కలిసి, నష్టం 16,250కి చేరుతుంది. చేతిలో 27,000 రూపాయలు పడ్డాయి కదా అన్న సంతోషంలో ఈ నష్టం ఆ వారంలో కనపడదు, టైర్లు మార్చవలసిన నెలలోనో ఇన్సూరెన్సు కట్టవలసిన నెలలోనో కనపడుతుంది.

కాబట్టి కిరాయిని ఎప్పుడూ పోయే దారికి మాత్రమే కట్టకూడదు, బండి బయలుదేరిన చోటికి తిరిగివచ్చి మళ్ళీ లోడుకు సిద్ధమయ్యేదాకా ఒకే ట్రిప్పుగా చూడాలి. చెన్నైలో ఒక రోజు ఆగి, టన్నుకు 900 చొప్పున 16,200 రూపాయల రిటర్న్ లోడు పట్టుకొంటే ఐదు రోజులు పడుతుంది, మొత్తం రాబడి 43,200. రెండువైపులా లోడు కాబట్టి డీజిల్ 21,800, టోలు 7,000, టైర్లు, మరమ్మతు 4,050, చేతి ఖర్చులు 3,000, ఐదు రోజుల స్థిర ఖర్చు 15,000 కలిపి 50,850. ఇంకా 7,650 తక్కువే. ఈ లెక్కను తిరగేసి చూస్తే మన అడుగు కిరాయి, అంటే అంతకు తగ్గకూడని కిరాయి, బయటపడుతుంది. 50,850లో రిటర్న్ 16,200 తీసేస్తే పోయే లోడుకు 34,650 రావాలి, అంటే టన్నుకు 1,925. ఆ పొద్దున ఫోనులో చెప్పవలసిన అంకె అదే. దానికంటే పైన ఏది వచ్చినా లాభం, కింద ఏది వచ్చినా మన జేబులోంచి పెట్టుకోవడం.

రిటర్న్ లోడు కోసం ఎన్ని రోజులు ఆగవచ్చు అన్న ప్రశ్నకు కూడా ఇదే లెక్క జవాబు చెబుతుంది. ఖాళీగా తిరిగిరావడంతో పోలిస్తే, పైన చెప్పిన రిటర్న్ లోడువల్ల 16,200 వస్తుంది, అదనపు డీజిల్‌కు 3,600, చేతి ఖర్చుకు 1,000, అదనంగా పట్టే ఒక రోజుకు 3,000 పోతాయి. మిగిలేది 8,600. ఆపైన మరో మూడు రోజులు ఆగితే 9,000 పోయి ఆ లాభమంతా ఆవిరైపోతుంది. ఇంటిదగ్గర మంచి లోడ్లు దొరుకుతున్న కాలంలో, గుంటూరు మిర్చి యార్డు జోరుగా నడిచే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, దూరాన నాలుగో రోజు కూడా పార్కింగులో పడుకోవడంకన్నా ఖాళీగా బయలుదేరడమే నయం. అదే వానాకాలంలో సిమెంటు తగ్గి ఇక్కడ కూడా బండ్లు వరసకట్టి నిలబడి ఉంటే ఆగడంలో తప్పులేదు. పండగలను కూడా లెక్కలో పెట్టుకోవాలి: సంక్రాంతికి ముందు రోజు చెన్నైలో సరుకు దించిన బండికి, అక్కడ పొంగలు సెలవులు ముగిసి హమాలీలు తిరిగివచ్చేదాకా లోడు దొరకడం కష్టం.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది హాల్టింగు, అంటే సరుకు దించకుండా బండిని నిలబెట్టడం. అలా నిలబడిన రోజులకు ఇచ్చే డబ్బును కూడా హాల్టింగు అనే అంటారు. ఒకసారి నేను చెన్నై శివార్లలోని ఒక గోడౌను ముందు నాలుగు రోజులు నిలబడ్డాను. లోపల చోటు లేదని మొదటి రోజు, మేనేజరు రాలేదని రెండో రోజు, హమాలీలు లేరని మూడో రోజు చెప్పారు. నాలుగో రోజు సాయంత్రం సరుకు దించి, రెండు బస్తాలు తడిశాయని రసీదు వెనక ఎర్ర సిరాతో రాసి ముద్ర వేశారు. నాకు ఇంకా రావలసిన బ్యాలెన్సు కిరాయిలోంచి ఆ రెండు బస్తాల ధర కోసేశారు, హాల్టింగు అడిగితే “ఎల్‌ఆర్‌లో (లారీ రసీదులో) ఎక్కడ రాసి ఉంది?” అన్నారు. నిజంగానే ఎక్కడా రాసి లేదు. ఆ రోజు నుంచి, లోడు ఎత్తేముందే “చేరిన 24 గంటల తర్వాత రోజుకు ఇంత హాల్టింగు” అన్న ఒక్క వాక్యాన్ని లారీ రసీదు మీద రాయించుకోనిదే నేను తాడు బిగించలేదు. ఆఫీసు గుమాస్తా విసుక్కొంటాడు, విసుక్కోనివ్వండి. చేరిన సమయాన్ని గేటు రిజిస్టరులో రాయించి, ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకోవాలి. సరుకు మీద పట్టా (టార్పాలిన్) కప్పాక ఒక ఫొటో, విప్పేముందు ఒక ఫొటో తీసుకొంటే తడిసిన బస్తాల వివాదంలోనూ చేతిలో సాక్ష్యం ఉంటుంది.

ఓవర్‌లోడు గురించి పెద్ద చర్చ అక్కరలేదు. 2018లో కేంద్రం యాక్సిల్ బరువులను పెంచాక పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది, ఖాళీ బండి బరువు తీసేస్తే సుమారు 18 టన్నులు ఎత్తవచ్చు. ఇంకో మూడు టన్నులు వేసుకోమంటే బ్రోకరు చెప్పిన 1,500 చొప్పున వచ్చేది 4,500. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున, మొత్తం 26,000. పట్టుబడితే చెన్నై కిరాయి దాదాపు అంతా అక్కడే పోతుంది, ఎక్కువైన సరుకును దించే ఖర్చు కూడా మనదే. లోడింగు అయ్యాక కాటా చీటీ (బండి తూకం వేసిన రసీదు) చేతికి రానిదే ఆవరణ దాటకండి.

డబ్బు చేతికి రావడం దగ్గర కూడా కొంత జాగ్రత్త కావాలి. మార్కెట్ లోడుకు కిరాయిలో పెద్ద భాగాన్ని లోడు ఎత్తగానే అడ్వాన్సుగా ఇస్తారు, మిగతాది దించిన సంతకం కాగితం చేరాక ఇస్తారు. కొత్త బ్రోకరు అయితే కనీసం డీజిల్, టోలు పూర్తిగా అడ్వాన్సులోనే వచ్చేలా చూసుకోవాలి, బ్యాలెన్సు ఆగిపోయినా రోడ్డు మీద చిక్కుకోకుండా ఉంటాం. కాంట్రాక్టు చెల్లింపులపై ముందే పట్టుకొనే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్, ఏడాదిలో ఏ సమయంలోనూ పదికి మించి లారీలు లేనివారికి వర్తించదు. ఆ మేరకు డిక్లరేషను, పాన్ నంబరు రాసి ఇస్తే ఆఫీసు కోయడానికి వీల్లేదు. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితం. అది ఉన్న చిన్న సంస్థకు 45 రోజుల్లోగా చెల్లించాలని చట్టం చెబుతుంది కాబట్టి, కంపెనీలకు నేరుగా బండి పెట్టేవారు దాన్ని తప్పక చేయించుకోవాలి.

సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకొనే ఈ-వే బిల్లు సరుకు యజమానిదే అయినా దాని గడువు మన సమస్య అవుతుంది. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క కాబట్టి చెన్నైకి మూడు రోజులు ఉంటుంది. దారిలో బండి చెడిపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తర్వాత వరకు పొడిగించవచ్చు. ఆ ఫోను ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు మనమే చేయాలి, వాళ్ళంతట వాళ్ళు గమనించరు. సరుకును వేరే బండిలోకి మారిస్తే కొత్త నంబరును అందులో ఎక్కించే వరకు కదలకూడదు.

ఇక మార్కెట్ లోడ్లా, ఒక కంపెనీకి అటాచ్‌మెంటా, అంటే బండిని ఒప్పందం మీద ఆ కంపెనీకే పెట్టడమా అన్న ప్రశ్న. మార్కెట్‌లో సీజను కిరాయి మనకు దక్కుతుంది, ఖాళీ రోజులు కూడా మనకే దక్కుతాయి. అటాచ్‌మెంట్‌లో కిరాయి తక్కువైనా నెలకు ఇన్ని ట్రిప్పులని నమ్మకం ఉంటుంది. వాయిదా ఇంకా సగానికిపైగా మిగిలి ఉన్నవారు అటాచ్‌మెంట్ వైపు, వాయిదా తీరి బండి తమదైనవారు మార్కెట్ వైపు మొగ్గడం మంచిదని నా అభిప్రాయం. అయితే ఒప్పందంలో రెండు మాటలు లేకపోతే సంతకం పెట్టకూడదు. మొదటిది, నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు లేదా ఇన్ని ట్రిప్పులకు హామీ. రెండోది, డీజిల్ ధర మారితే కిరాయి మారే నియమం. పైన చూసిన చెన్నై ట్రిప్పులో 50,850కి డీజిల్ 21,800, అంటే నూటికి 43 వంతులు. డీజిల్ పది శాతం పెరిగితే కిరాయి నాలుగు శాతానికి పైగా పెరగాలి. ఒప్పందం రోజున ఉన్న బంకు ధరను కాగితం మీద రాసి, దానికి పైన ప్రతి రూపాయికీ ఎంత పెరుగుతుందో కూడా అక్కడే రాయించుకోవాలి.

ఆదాయపు పన్ను సంగతి ఒక్క మాట. పదికి మించి లారీలు లేనివారు ఊహాజనిత ఆదాయం పద్ధతిని ఎంచుకొంటే, సరుకుతో కలిపి మొత్తం బరువు 12 టన్నులు దాటిన బండికి నెలకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున ఆదాయంగా చూపాలి. 28.5 టన్నుల లారీకి అది నెలకు 28,500, ఆ నెలలో బండి తిరిగినా తిరగకపోయినా. అంతకన్నా తక్కువ మిగిలిందని చూపాలంటే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించాలి, ట్రిప్పు డైరీ ఉన్నవాడికే అది సాధ్యం. నా డైరీ డ్యాష్‌బోర్డు కింద రబ్బరు బ్యాండు చుట్టి ఉండేది. ప్రతి ట్రిప్పుకు ఒక పేజీ, పైన బయలుదేరిన తేదీ, కింద తిరిగివచ్చిన తేదీ, మధ్యలో లీటర్లు, టోళ్ళు, ఆగిన గంటలు.

రెండో లారీ కొనాలన్న కోరిక చాలామందికి మొదటి లారీ వాయిదా తీరిన నెలలోనే పుడుతుంది. ఆ నెలలో తీసుకోకండి. మొదటి లారీలో మన జీతాన్ని ఖర్చుగా తీసేశాక కూడా ఆరు నెలలు వరసగా డబ్బు మిగిలి ఉండాలి. రెండో బండిని నడిపేది మనం కాదు, డ్రైవరుకు జీతం, బత్తా ఇవ్వాలి, అతను రోడ్డు మీద ఉన్నప్పుడు లోడు వెతికేది, బ్యాలెన్సు వసూలు చేసేది, రాత్రిపూట ఫోను ఎత్తేది మనమే. కొత్త బండికి వాయిదా ఎక్కువ, పాత బండికి మరమ్మతు ఎక్కువ, దానికితోడు ఎనిమిదేళ్ళు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. రెండిటికీ పైన చెప్పిన రోజువారీ అంకెను విడివిడిగా కట్టి, మనం ఎక్కువగా తిరిగే దారికి ఏది తక్కువో చూడాలి. షోరూములో సంతకం పెట్టేముందు మూడు నెలల వాయిదా బ్యాంకులో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అది జమయ్యేదాకా ఒక్క లారీతోనే తిరగండి.