షేరింగ్ క్యాబ్ సర్వీస్ పెడుతున్నారా? యాప్ తర్వాత, ముందు కారు సంగతి చూడండి

ఆఫీసు రూట్లో షేరింగ్ క్యాబ్‌లు నడుపుదాం అనుకునేవాళ్ళు చాలామంది ముందు యాప్ మీద కూర్చుంటారు, లోగో రంగులు అన్నీ అయిపోతాయి, తీరా కారు ఎక్కడుంది అంటే డ్రైవర్ ఫోన్ చెప్పిందే నమ్మాలి, ఆ ఫోన్ బ్యాటరీ సేవర్‌లోకి వెళ్తే కారు మాయం. అందుకే ముందు కారు డేటా, తర్వాత సీట్ల మ్యాచింగ్ (ఎవర్ని ఏ కార్లో ఎక్కించాలో చూడటం), యాప్ ఆఖర్న. అప్పటిదాకా బుకింగ్‌లు వాట్సాప్‌లో తీసుకున్నా ఏం పర్లేదు.

సిటీ అంతా తిప్పుతాం అనకండి. ఒక్క రూట్ పట్టుకోండి, హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి కొండాపూర్ మీదుగా గచ్చిబౌలి లాంటిది. పది కార్లు ఒకే రూట్లో తిరిగితే సీట్లు నిండుతాయి, అవే ఊరంతా చెల్లాచెదురైతే ఒక్కటీ నిండదు. పసుపు ప్లేటు కార్లే తీసుకోండి. డ్రైవర్లనీ ప్రయాణికుల్నీ కలుపుతున్నారంటే మీరు అగ్రిగేటర్ కిందకొస్తారు, లైసెన్సు రాష్ట్రం ఇవ్వాలి. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో రద్దీ టైమ్‌ ఛార్జీ బేస్ ఛార్జీకి రెట్టింపు దాటకూడదని, సొంత కారున్న డ్రైవర్‌కి కనీసం 80 శాతం ఇవ్వాలని ఉంది. మన దగ్గర ఏది అమల్లో ఉందో ఆర్టీఏలో కనుక్కుని లెక్కేసుకోండి, ఎందుకంటే మిగిలే 20 శాతంలోనే సిమ్, సర్వర్, మీ జీతం అన్నీ.

ఇప్పుడు కారు. క్యాబ్‌లకి ఏఐఎస్ 140 ట్రాకర్ (ఆ పేరున్న ప్రభుత్వ స్టాండర్డ్ ప్రకారం కారు ఎక్కడుందో పంపే పెట్టె), పానిక్ బటన్ ఎలాగూ ఉండాలి కదా, దాన్నే వాడుకోండి. ఆ పెట్టె కనీసం రెండు ఐపీ అడ్రస్‌లకి (నెట్‌లో సర్వర్ల చిరునామాలు) డేటా పంపగలగాలని స్టాండర్డ్‌లోనే ఉంది, కానీ ఆ రెండూ ప్రభుత్వ ట్రాకింగ్‌కీ ఎమర్జెన్సీకీ, వాటికి అదనంగా మీ సర్వర్‌ది కూడా పెట్టగలరేమో వెండర్‌ని అడగండి. దీనికి తోడు స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో (మెకానిక్‌లు కారు కంప్యూటర్‌ని చదవడానికి వాడే సాకెట్) ఒక డాంగిల్, అంటే చిన్న ప్లగ్ లాంటి పరికరం, పెడితే స్పీడు, ఇంజిన్ ఆర్‌పీఎం, కూలెంట్ వేడి వస్తాయి. ఎలక్ట్రిక్ కార్లలో మాత్రం బ్యాటరీ శాతం ఒక్కో కంపెనీ ఒక్కోలా పంపుతుంది, మోడల్‌వారీగా చూసుకోవాల్సిందే. ఇంకోటి, ఆ పోర్టుకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వస్తూనే ఉంటుంది, స్లీప్ మోడ్ లేని చీప్ డాంగిల్ పెట్టి పండక్కి ఊరెళ్తే తిరిగొచ్చేసరికి బండి స్టార్ట్ అవ్వకపోవచ్చు. డాంగిల్ చదవడమే చేయాలి, కారుకి ఆదేశాలు పంపేది అసలొద్దు. 2015లో ఒక జీప్‌ని ఇద్దరు రీసెర్చర్లు ఇంటర్నెట్ మీదుగా ఆపి చూపించాక కంపెనీ 14 లక్షల బండ్లని రీకాల్ చేసింది.

డాంగిల్ డేటా ఎమ్‌క్యూటీటీ (చిన్న చిన్న మెసేజ్‌లు పంపే పద్ధతి) మీద టీఎల్ఎస్‌తో (దారిలో ఎవరూ చదవకుండా చేసే తాళం) తెచ్చుకోండి, కదులుతుంటే ఐదు సెకన్లకోసారి, ఆగితే నిమిషానికోసారి చాలు. అందులో లాస్ట్ విల్ మెసేజ్ (కనెక్షన్ తెగిపోతే సర్వర్ తనే పంపే మెసేజ్) పెట్టుకుంటే ఎవరైనా డాంగిల్ పీకేసినా కాసేపట్లో మీకు తెలిసిపోతుంది. అసలు తలనొప్పి ఇక్కడ మొదలవుతుంది. మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లాంటి చోట సిగ్నల్ పోయిందనుకోండి, ట్రాకర్ పాయింట్లు దాచుకుని బయటికొచ్చాక ఒకేసారి కుమ్మరిస్తుంది, సర్వర్‌కి చేరిన టైమ్ చూసి మ్యాప్‌లో పెడితే కారు ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చినట్టు కనబడుతుంది, ప్రయాణికుడు ఫోన్ చేసి ఏంటండీ వెనక్కి తిప్పాడు అంటాడు. కాబట్టి ట్రాకర్ వేసిన టైమ్‌తోనే వరసపెట్టండి. అలాగే కారు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినా జీపీఎస్ చుక్క అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగిసలాటంతా కూడితే ఛార్జీ పెరుగుతుంది. ఓబీడీ స్పీడు సున్నా ఉంటే దూరం కలపొద్దు, అంతే. బయోడైవర్సిటీ దగ్గర కారు ఫ్లైఓవర్ మీదుందో కిందుందో జీపీఎస్‌కి సరిగ్గా తెలీదు, అక్కడ పికప్ పాయింటే పెట్టకండి.

మ్యాచింగ్‌కి పెద్ద ఏఐ ఏం అక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) డేటాతో ఓఎస్ఆర్ఎమ్ అనే రూట్లు లెక్కేసే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ సర్వర్‌లోనే పెట్టుకుంటే ప్రతి రూట్ లెక్కకీ ఎవరికో డబ్బు కట్టక్కర్లేదు, కాకపోతే ట్రాఫిక్ దానికి తెలీదు, మీ కార్ల స్పీడు డేటానే దానికి ఎక్కించాలి. కొత్త బుకింగ్ రాగానే అదే దిక్కుకి వెళ్తూ సీటు ఖాళీ ఉన్న ప్రతి కారు ప్లాన్‌లో ఆ పికప్‌నీ డ్రాప్‌నీ ఒక్కోచోట ఇరికించి చూడండి, ఆల్రెడీ కూర్చున్నవాళ్ళకి ఎనిమిది నిమిషాల కన్నా ఎక్కువ ఆలస్యమైతే ఆ కారు వదిలేయండి. ఆ ఎనిమిది నా లెక్క, పొద్దున ఆఫీసు టైమ్‌లో అంతకన్నా జనం ఓర్చుకోరు. ఆడవాళ్ళు ఆడవాళ్ళతోనే షేర్ చేసుకునే ఆప్షన్ మొదటిరోజే పెట్టండి. పానిక్ బటన్ వారానికోసారి నిజంగా నొక్కి చూడండి, ముందు కంట్రోల్ రూమ్ వాళ్ళకి చెప్పి.

డ్రైవర్లకి మాత్రం ముందే కూర్చోబెట్టి చెప్పాలి ఏ డేటా తీసుకుంటున్నారో ఎందుకో, రాతపూర్వకంగా ఒప్పుకోలు కూడా తీసుకోవాలి, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది కదా. డ్యూటీ అయ్యాక డ్రైవర్ కారు ఎక్కడికెళ్తే మీకెందుకు, మీ సర్వర్ ఆ పాయింట్లని దాచుకోకూడదు. సడన్ బ్రేకులు ఎక్కువున్నాయని ఎవరికైనా డబ్బు కోసే ముందు ఆ రోడ్డు మీద గుంత ఉందేమో చూడండి, ఒకేచోట నలుగురు డ్రైవర్లూ బ్రేకు కొడుతున్నారంటే అది డ్రైవర్ల తప్పు కాదు.