ఇయర్ ఎండింగ్‌కు ముందే ట్యాలీ ఫోల్డర్‌లోంచి ‘ఎవ్రీవన్’ను తీసేయండి

గుంటూరు వైపు ఒక ఎరువుల డీలర్ ఈమధ్య సోమవారం పొద్దున షాపు తెరిచేసరికి లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఒక్క కంపెనీ కూడా ఓపెన్ కాలేదు. డేటా ఫోల్డర్‌లో ప్రతి ఫైలు పేరు చివరా ఏవో పిచ్చి అక్షరాలు, పక్కనే డబ్బు కట్టమంటూ ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. అది ముందు దిగింది డేటా ఉండే సిస్టమ్, అంటే సర్వర్‌లోకి కాదు. బిల్లింగ్ కౌంటర్ సిస్టమ్‌లో ఎవరో మెయిల్‌లో వచ్చిన ఫైలు తెరిచారు. అక్కడి నుంచి షేర్ చేసిన ఫోల్డర్ దాకా దానికి అడ్డన్నదే లేదు. “ట్యాలీకి పాస్‌వర్డ్ పెట్టుకున్నాం కదండీ” అని ఆయన పదే పదే అడుగుతూనే ఉన్నారు.

పెట్టుకున్నారు. ఆ పాస్‌వర్డ్ ట్యాలీ లోపల ఎవరు ఏం చేయాలో చూస్తుంది, అంతవరకే. మీ లెక్కలన్నీ ఉండేది అంకెల పేర్లున్న మామూలు ఫోల్డర్లలో, మామూలు ఫైళ్లుగా. మల్టీ యూజర్ పెట్టుకున్న షాపుల్లో ప్రతి సిస్టమ్ ఆ ఫైళ్లనే నెట్‌వర్క్ మీద నేరుగా తెరుస్తుంది కాబట్టి ఫోల్డర్ షేర్ చేయక తప్పదు. ఇన్‌స్టలేషన్‌కు వచ్చిన కుర్రాడు రెండో సిస్టమ్‌లో డేటా తెరుచుకోకపోతే ‘ఎవ్రీవన్ – ఫుల్ కంట్రోల్’ అని, అంటే ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని, టిక్ పెడతాడు. వెంటనే పనిచేస్తుంది. టీ తాగి వెళ్లిపోతాడు. ఆ టిక్ మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. షేరింగ్‌కు పాస్‌వర్డ్ కూడా అడగకుండా పెట్టి ఉంటే, ఆ రోజు నుంచి గోడౌన్ సిస్టమ్ అయినా, వైఫై పాస్‌వర్డ్ తెలిసిన లాప్‌టాప్ అయినా ట్యాలీ తెరవకుండానే ఆ ఫోల్డర్‌ను కాపీ చేసుకోవచ్చు, డిలీట్ కొట్టొచ్చు. ముందు తలుపుకు తాళం, వెనక గోడే లేదు.

ట్యాలీ వాల్ట్ ఉందిగా అంటారు కొందరు. వాల్ట్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, పాస్‌వర్డ్ లేనివాళ్లను చదవనివ్వదు. ఫైళ్లను చెరిపేయకుండా మాత్రం ఆపలేదు. పైగా వాల్ట్ పాస్‌వర్డ్ మరిచిపోతే డేటా మీకూ దక్కదు.

షేరింగ్ వల్ల ఏమవుతుందో 2017 మేలో మనవాళ్లూ చూశారు. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు పాకింది విండోస్ ఫైల్ షేరింగ్‌కు వాడే ఎస్‌ఎంబీలోని లోపం పట్టుకునే. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకే దెబ్బ తగిలింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది.

ఇయర్ ఎండింగ్ నెల మార్చి ఎందుకు ప్రమాదం అంటే ఆడిటర్ గారి ఆఫీసు కుర్రాళ్లు లాప్‌టాప్‌లు తెస్తారు, ఎంట్రీలకు తాత్కాలికంగా ఇద్దరు చేరతారు, అర్జెంటు పేరుతో ఎవరేమడిగినా ఓపెన్ చేసి ఇచ్చేస్తాం. పనులు ఫిబ్రవరిలోనే ముగించండి.

ముందు ఫోల్డర్ సంగతి. ట్యాలీ వాడే ప్రతి మనిషికీ సర్వర్‌లో విడిగా విండోస్ యూజర్ చేయించండి, అందరినీ ఒక గ్రూపులో పెట్టించండి. షేరింగ్ పర్మిషన్లలో ఎవ్రీవన్‌ను తీసేసి ఆ గ్రూపుకు ‘చేంజ్’, సెక్యూరిటీ ట్యాబ్‌లో ‘మోడిఫై’ ఇప్పించండి. రెండు చోట్లా చూడాలి. నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకు రెండింట్లో ఏది తక్కువైతే అది వర్తిస్తుంది. సర్వర్ ముందే కూర్చున్నవాళ్లకు షేరింగ్ పర్మిషన్ లెక్కలోకే రాదు, కాబట్టి సర్వర్ మీద బిల్లింగ్ చేయించకండి. ఫుల్ కంట్రోల్ ఉన్నవాళ్లు పర్మిషన్లనే మార్చేయగలరు, అది అడ్మిన్‌కు తప్ప ఎవరికీ వద్దు. ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ ఆన్‌లో ఉండాలి.

విండోస్ 11లో 24హెచ్2 అనే అప్‌డేట్ వేశాక పాత షేరింగ్ పనిచేయడం లేదని చాలామంది టెన్షన్ పడుతున్నారు. పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ను ప్రో ఎడిషన్‌లో కూడా మైక్రోసాఫ్ట్ ఆపేసింది, అందుకే. మెకానిక్ ఏదో కమాండ్ కొట్టి గెస్ట్‌ను మళ్లీ తెరిస్తే ఎవ్రీవన్ కథ మళ్లీ మొదలు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇప్పించండి, చాలు.

ఇదంతా చేసినా ఒక చిక్కు మిగులుతుంది. గ్రూపులో ఉన్న సిస్టమ్‌కే వైరస్ పడితే ఫైళ్లు పోతాయి, ఎందుకంటే ట్యాలీ పనిచేయాలంటే అక్కడి నుంచి రాసే హక్కు ఉండి తీరాలి. ఎవ్రీవన్‌ను తీసేస్తే ప్రమాదం ఆ నలుగురి సిస్టమ్‌లకు పరిమితం అవుతుంది. మనుషులు ఎక్కువున్న ఆఫీసులైతే ట్యాలీప్రైమ్ సర్వర్ గురించి ఆలోచించాలి. అందులో యూజర్లకు డేటా ఫోల్డర్ నేరుగా తెరిచి ఇవ్వక్కర్లేదు. ఖర్చే, కానీ దండగ ఖర్చు కాదని నా అభిప్రాయం. మిగతావాళ్లకు దిక్కు బ్యాకప్పే.

ఇక ట్యాలీలో యూజర్లు. హడావుడిలో అందరూ ఓనర్ ఐడీతోనే ఎంట్రీలు కొడతారు. కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్, అంటే ఏ ఎంట్రీ ఎప్పుడు ఎవరు మార్చారో రాసిపెట్టే రికార్డు, తప్పనిసరి, అది ఏడాది పొడవునా నడిచిందో లేదో ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి. లాగ్ నిండా ఒకే పేరుంటే వోచర్ ఎవరు మార్చారో ఎవరూ చెప్పలేరు. ప్రొప్రయిటర్ షాపుకు ఆ నిబంధన లేదు గానీ, నగదు తేడా వచ్చిన రోజున అక్కడా అడిగేది అదే. ఎంట్రీ వాళ్లకు డేటా ఎంట్రీ స్థాయి ఇవ్వండి. జీఎస్టీ రిటర్న్ వేసిన నెలల్లోకి ఎవరూ వెనక్కి వెళ్లి వోచర్ వేయకుండా కటాఫ్ తేదీ పెట్టండి.

మిగిలినవి గబగబా చెబుతాను.

సి డ్రైవ్ మొత్తం షేర్ చేయకండి.

షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెట్టి దాచేశాం అనుకోకండి. పేరు తెలిసినవాడికి అది తెరుచుకుంటుంది.

ఎస్‌ఎంబీ పాత వెర్షన్ ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయకండి, పాత ప్రింటర్ కోసమైనా సరే.

రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు తెరిచి ఉంటే మూసేయండి. దూరం నుంచి సిస్టమ్ నడిపే ఎనీడెస్క్‌కు శాశ్వత పాస్‌వర్డ్ వద్దు.

ట్యాలీ సిస్టమ్‌లు వైఫై మీద వద్దు. వోచర్ సేవ్ అయ్యే క్షణంలో కనెక్షన్ పోతే డేటా చెడిపోవచ్చు. లాన్ కేబుల్ వేయించండి.

లైవ్ డేటా ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్‌లో పెట్టకండి.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అలాంటి సిస్టమ్ సర్వర్‌గా ఉంటే మార్చండి.

ఆడిటర్ ఆఫీసుకు బ్యాకప్ ఇవ్వండి. షేర్ పాస్‌వర్డ్ ఇవ్వకండి.

మనిషి మానేసిన రోజునే రెండు చోట్లా యూజర్‌ను తీసేయండి, ట్యాలీలో, విండోస్‌లో. రెండోది అందరూ మరిచిపోతారు.

బ్యాకప్ అంటే అదే సర్వర్‌లో డి డ్రైవ్ కాదు. అందరూ కంపెనీ మూసేశాక తీసిన కాపీ, తీసి బీరువాలో పెట్టిన డ్రైవ్. రెండు డ్రైవ్‌లు ఉంచండి, రోజు మార్చి రోజు. నెలకోసారి వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి తెరిచి చూడండి.

ఎవ్రీవన్ తీశారా? కొత్త సిస్టమ్ కలిపిన ప్రతిసారీ మళ్లీ చూడండి. మెకానిక్ వెళ్లకముందే చూడండి.

ఫైళ్ల పేర్లు మారుతున్నట్టు కనిపిస్తే ముందు లాన్ వైర్లు పీకేయండి, ఆ తర్వాత ఫోన్లు చేయండి. టెన్షన్‌లో బీరువాలోని బ్యాకప్ డ్రైవ్ తెచ్చి అదే సిస్టమ్‌కు పెట్టకండి. విండోస్ కొత్తగా వేసేదాకా దాన్ని ముట్టుకోవద్దు.