దేవమాలి మీద మా బుల్లి విమానం ఎందుకు మొరాయించిందంటే

మాది రాయగడ. నేనూ, బావా, ఇంకో ఫ్రెండూ మెథనాల్‌తో నడిచే రిమోట్ విమానం పట్టుకుని మొన్న దేవమాలి ఎక్కాం, ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ అది, 1672 మీటర్లు. ఇంటి దగ్గర గ్రౌండ్‌లో బుద్ధిగా ఎగిరేది, అక్కడ మాత్రం స్టార్ట్ అవుతుంది, థ్రాటిల్ పెంచితే గుడగుడమని తెల్లపొగ కక్కి ఆగిపోతుంది. సైలెన్సర్ కింద చెయ్యి పెడితే అరచెయ్యంతా ఆముదం జిడ్డు (ఫ్యూయల్‌లో కలిపేదే, కాలకుండా బయటికొస్తోంది). "ప్లగ్గు పోయిందిరా" అని బావ ఒకటే గోల, సరే అని కొత్త గ్లో ప్లగ్గు (ఇంజిన్లో ఫ్యూయల్‌ని అంటించేది) వేశాం, 20 నిమిషాలు దండగ.

తర్వాత వెలిగింది నాకు. అంత ఎత్తులో గాలి పలచన, సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు 15 శాతం తక్కువ, ఫ్యూయల్ మాత్రం పాత సెట్టింగ్‌లోనే పోతోంది, అంటే గాలికి మించి ఫ్యూయల్ పడి మిక్స్చర్ రిచ్ అయిపోయింది. సెస్నా లాంటి చిన్న విమానాల పైలట్లు పైకెళ్ళాక ఎర్ర నాబ్ లాగి ఫ్యూయల్ తగ్గించేది, అంటే లీన్ చేసేది ఇందుకే. థ్రాటిల్ పెంచి ఫ్యూయల్ ట్యూబ్ ఒక్క క్షణం నొక్కి వదిలా, ఫ్యూయల్ తగ్గగానే సౌండ్ సర్రున పెరిగింది, ఇక డౌట్ లేదు. ఫ్యూయల్ ఎంత పోవాలో సెట్ చేసే స్క్రూ, అదే నీడిల్, కుడివైపుకి రెండేసి క్లిక్కులు తిప్పుకుంటూ పోయా (ప్రొపెల్లర్ వెనక నుంచే తిప్పండి బాబూ, వేళ్ళు పోతాయి), ఆరు క్లిక్కులకి దారికొచ్చింది. మరీ బిగిస్తే ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది, అందుకే ఒక క్లిక్ వెనక్కి వదిలి, ముక్కు పైకెత్తి పట్టుకుని చూశా, ఆగలేదు.

లేవడానికి పరుగు మాత్రం ఎక్కువే తీసుకుంది, రెక్కలకీ అదే పలచటి గాలి కదా. కిందికొచ్చాక నీడిల్ మళ్ళీ పాత చోటికి తిప్పుకోండి, నేను మర్చిపోయా, రాయగడలో ఈసారి ఫ్యూయల్ చాలక రెండో నిమిషానికే ఇంజిన్ గాల్లో ఆగింది.