పగడపు దిబ్బ చేపలను గుర్తుపట్టడం – 4వ పాఠం: వీపు ముళ్ల లెక్క

నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు. కిందటి పాఠంలో దీన్ని క్లౌన్ ఫిష్ అని రాసుకుని ఆగాం. ఆ పేరు చాలదు. అచ్చం ఇట్లాగే ఉండే జాతులు రెండున్నాయి: ఆసిలేరిస్, పెర్క్యులా. వీటిని విడదీయాలంటే వీపు రెక్కలో ముళ్లు లెక్కపెట్టడం చేతనవ్వాలి.

హన్మకొండలో ఉండి నేర్చుకోవడానికి చేపల మార్కెట్లోని తిలాపియా చాలు. అరకిలోది ఒకటి, రెక్కలు కత్తిరించకుండా తెచ్చుకోండి. రవ్వ, బొచ్చె, కొరమీను ఈ పనికి రావు, వాటి వీపు రెక్కలో గట్టి ముళ్లుండవు. చేపను థర్మోకోల్ ముక్క మీద పక్కకు పడుకోబెట్టి, ముందు ముల్లును పట్టకారుతో తల వైపు లాగండి. రెక్క విసనకర్రలా విచ్చుకుంటుంది. అట్లాగే గుండుసూదులు గుచ్చి నిలపండి. ముళ్లు గుచ్చుకుంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి.

తల వైపు నుంచి లెక్కపెట్టండి. ముల్లు ఒకే కాడగా, కొన వాడిగా ఉంటుంది. వెనకాల ఉండే మెత్తటి పుల్లలను భూతద్దంలో చూస్తే అడ్డగీతలు, కొన దగ్గర చీలికలు కనిపిస్తాయి. ముళ్లు 15 నుంచి 18 మధ్య రావాలి. లెక్కపెట్టిన ప్రతిసారీ అంకె మారుతుంటే తప్పు రెండు చోట్లే జరుగుతుంది: అన్నిటికన్నా పొట్టిగా ఉండే మొదటి ముల్లును వదిలేయడం, లేదా మొదటి మెత్తటి పుల్లను ముల్లుగా కలిపేయడం. వరుసగా మూడుసార్లు ఒకే అంకె వచ్చేదాకా వదలకండి.

ఇక క్లౌన్ ఫిష్. ఆసిలేరిస్‌కు మామూలుగా 11 ముళ్లు, పెర్క్యులాకు 10. అయితే ఆసిలేరిస్‌లో అప్పుడప్పుడు 10, పెర్క్యులాలో 9 కూడా వస్తాయి. అందుకే 10 వస్తే అక్కడితో తేల్చేయొద్దు, తెల్ల పట్టీల అంచు చూడాలి. ఆసిలేరిస్‌లో నల్ల అంచు వెంట్రుకంత సన్నం, ఎదిగిన పెర్క్యులాలో మందం. పెర్క్యులా పిల్లల్లో నలుపు తక్కువే కాబట్టి చిన్న చేపల దగ్గర ఈ గుర్తు మోసం చేస్తుంది.

అక్వేరియం షాపులో చేపను నీళ్లలోంచి తీయించొద్దు. ఫ్లాష్ ఆపి, రెక్క విప్పినప్పుడు పక్క నుంచి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. తొట్లలో పెంచిన కొన్ని రకాల్లో పట్టీలు తెగిపోయి, కలిసిపోయి ఉంటాయి. వాటి మీద సాధన మొదలుపెట్టొద్దు.

ఫోటో సముద్రంలో తీసినదైతే ఊరి పేరే సగం జవాబు. అండమాన్‌లో దొరికేది ఆసిలేరిస్. పెర్క్యులా ఉండేది ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్, న్యూగినీ, సాలమన్ దీవుల వైపు. రెండూ 15 మీటర్ల లోపు లోతులో, ఎనిమోన్ అనే మెత్తటి జీవి చేతుల మధ్యే కాపురముంటాయి. ఒక్క ఎనిమోన్‌లో చిన్నా పెద్దా చేపలు కనిపిస్తే వేర్వేరు జాతులనుకోకండి. అన్నిటికన్నా పెద్దది ఆడది, దాని తర్వాతది మగది, మిగతావి ఇంకా ఎదగనివి.

వచ్చే పాఠానికి ఐదు ఫోటోలు తెచ్చుకోండి. ఒక్కోదానికి చోటు, లోతు, ముళ్ల లెక్క, అంచు మందం రాయండి. జాతి పేరు గడి చివర నింపండి. రెక్క ముడుచుకున్న ఫోటోకు ముళ్ల గడిలో అంకె వేయకుండా గీత పెట్టండి.