కృత్తికల ఫొటో ఎడిటింగ్‌కు కూర్చునే ముందు

• రా ఫైళ్లకు (కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్లకు) ఇంకో డిస్కులో కాపీ.

• డార్కులు (లెన్సు మూసి తీసిన ఫ్రేములు) లైట్ల (ఆకాశాన్ని తీసిన ఫ్రేముల) ఎక్స్‌పోజరు, ఐఎస్‌ఓతోనే, ఇంచుమించు అదే చలిలో తీసినవేనా? ఫ్లాట్లు (సమానమైన వెలుగును తీసిన ఫ్రేములు) తీసేలోపు ఫోకస్ కదిలి ఉంటే దుమ్ము మచ్చలు పోవు.

• స్టాకింగ్‌కు (ఫ్రేములను ఒకదానిమీద ఒకటి కలపడానికి) ముందు ఫ్రేములన్నీ ఒక్కొక్కటిగా చూడండి. విసుగే, కానీ తప్పదు. కోనసీమలో రాత్రి ముదిరేకొద్దీ లెన్సుకు చెమ్మ పట్టి చుక్కల చుట్టూ పొగలాంటి వలయం వస్తుంది. కృత్తికల చుట్టూ నిజంగానే నీలి నెబ్యులా (ధూళి మేఘం) ఉంది కాబట్టి మోసపోవడం తేలిక. ఫ్రేము అంచుల్లోని ప్రకాశమైన చుక్కలకూ అదే వలయం ఉంటే అది చెమ్మే. ఆ ఫ్రేములు తీసెయ్యండి.

• రొయ్యల చెరువుల దీపాల వెలుగు ఒక మూల పేరుకుంటుంది. సిరిల్ అనే ఆస్ట్రో ఫొటోల సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తీసేటప్పుడు, నేపథ్యాన్ని కొలిచే శాంపిల్ గడులు నెబ్యులా మీద పడితే అదీ తుడిచిపెట్టుకుపోతుంది. ఈ పనీ, తర్వాత రంగుల క్యాలిబ్రేషనూ స్ట్రెచ్‌కు (మసక వివరాలు కనిపించేలా వెలుగు పెంచడానికి) ముందే, 32 బిట్ ఫైల్‌లోనే.

• తెల్లగా నిండిపోయిన చుక్కకు ఏ స్ట్రెచ్చీ రంగు తేలేదు.