ఎమోజీలు కలిపి పంపితే అర్థం ఎలా పట్టుకోవాలి?

ఉన్నది ఒక్క బొటనవేలే: 👍. 2023లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక కోర్టు దాన్ని ఒప్పందం మీద సంతకంగా లెక్కగట్టింది. ఫోన్‌కి వచ్చిన ఒప్పంద పత్రం ఫోటో కింద 👍 పెట్టి, ఆ తర్వాత అవిసె గింజలు ఇవ్వని రైతు సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మద్రాసు హైకోర్టు అదే 👍 మీద తీర్పు చెప్పింది. ఒక అధికారి హత్య గురించి వాట్సాప్ గ్రూపులో వచ్చిన సందేశానికి బొటనవేలు పెట్టిన రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. ‘చూశాను’ అని చెప్పడానికి కూడా ఆ గుర్తు పెడతారు, అంతమాత్రాన హత్యను మెచ్చుకున్నట్టు కాదని కోర్టు అతని పక్షాన నిలిచింది.

బొమ్మ మారలేదు, దాని పైనున్న మాట మారింది. అందుకే ఎమోజీలను నిఘంటువులా బట్టీ పట్టడం కన్నా చదివే పద్ధతి నేర్చుకోవడం మేలు.

1. ముందు మాట చూడండి, తర్వాతే బొమ్మ

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ పనిచేసే ఎమోజీ 🙏. హైదరాబాద్‌లో ఒక్కరోజు వాట్సాప్ తిరగేస్తే ఇన్ని రకాలుగా కనిపిస్తుంది:

“రేపు ఒక్కరోజు సెలవు కావాలి సార్ 🙏” – దయచేసి.
“మందులు అందినయ్ అన్నా 🙏” – కృతజ్ఞత.
“మా తాతగారు ఇక లేరు” కింద 🙏 – నివాళి.
“మళ్లీ తాళాలు ఇంట్లనే మర్చిపోయిండు 🙏” – నీకో దండం నాయనా!

చివరిదాన్ని గుర్తుపట్టడం తేలిక. ముందు ఫిర్యాదు ఉంటుంది, పక్కన తరచూ 😂 గానీ 🤦 గానీ చేరుతుంది. 🙏😂 అని జంటగా వస్తే అది భక్తీ కాదు, బతిమాలడమూ కాదు. ఆఫీసు గ్రూపులో పై అధికారి సందేశానికి ఈ జంట పెట్టకండి, వెక్కిరింతగానే తగులుతుంది.

2. చివరి ముఖం మీద కన్నేయండి

తెలుగు వాక్యానికి క్రియ చివర్లో వచ్చి అర్థం తేల్చినట్టే, ఎమోజీల వరసలో చివరి ముఖం ధోరణి తేలుస్తుంది. “పరీక్ష పోయింది 😂😭” అంటే నవ్వుకున్నా లోపల బాధ ఉంది. “పరీక్ష పోయింది 😭😂” అంటే లైట్ తీసుకున్నాడు. ఎప్పుడూ ఇంతే అని కాదు గానీ, అనుమానం వచ్చినప్పుడు చివరిదాన్నే నమ్మండి.

బొమ్మ ఎటు తిరిగి ఉందో కూడా చూసుకోవాలి. ఎక్కువ ఫోన్లలో 🏃, 🚗 ఎడమవైపు చూస్తుంటాయి. కాబట్టి దుమ్ము వాటి కుడిపక్కన పడాలి: 🏃💨. అదే 💨🏃 అని పెడితే మనిషి పరిగెత్తుతున్నట్టు కాదు, గాలికి ఎదురెళ్తున్నట్టు ఉంటుంది. “అమీర్‌పేట దాటిన 🚗💨” అని రాస్తే దారిలో ఉన్నట్టు లెక్క.

3. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి

ఒక్క 😂 మర్యాదకు నవ్వినట్టు. మూడు ఉంటే నిజంగా నవ్వొచ్చింది. కాలేజీ పిల్లలు 😂 తగ్గించేసి 💀, 😭 వాడుతున్నారు. 💀 చూసి కంగారు పడకండి, “నవ్వలేక చచ్చాం” అని మనం ఎప్పుడో అన్నదానికే అది బొమ్మ. 😭😭😭 కూడా అంతే, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వడం.

ఒక్క ఎమోజీని మాట ఏమీ లేకుండా పంపితే వాట్సాప్ దాన్ని పెద్దదిగా చూపిస్తుంది. ఒంటరి ❤️ అయితే కొట్టుకుంటుంది కూడా. చిన్న మెచ్చుకోలు కోసం పంపింది అవతల ప్రేమలా కనబడే ప్రమాదం ఉంది. పక్కన ఒక్క మాట, “బాగుంది ❤️” అని చేర్చండి, సైజు తగ్గిపోతుంది.

4. పుట్టిన ఊరు తెలుసుకోండి

జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమో సంస్థకు షిగెతాకా కురితా 1999లో 176 బొమ్మలు గీశాడు. ఒక్కోటీ అడ్డం 12, నిలువు 12 చుక్కల్లో ఇమిడింది. ఆ దేశపు అలవాట్లు నేటికీ చాలా బొమ్మల్లో మిగిలున్నాయి. 😪 ముక్కు దగ్గరి బుడగ కన్నీరు కాదు, జపాన్ బొమ్మల కథల్లో గాఢనిద్రకు గుర్తు. మనవాళ్లు ఏడుపనుకొని పంపుతారు. 😤కు అధికారికంగా పెట్టిన పేరు గెలుపు ముఖం, మనకు మాత్రం కోపంతో బుసకొట్టినట్టే ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చినవి వేరు. 🧢 అంటే అబద్ధం, 🚫🧢 అంటే ఒట్టు, నిజం. ☕ అక్కడ ఎవరి గుట్టో చెప్పుకోవడం, ఇక్కడ “☕🍪 4కి?” అంటే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, అంతే. 🐐 క్రికెటర్ ఫోటో కింద ఉంటే ‘ఎప్పటికీ ఇతనే గొప్ప’ అని. ‘గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్’కు ఇంగ్లిష్ పొట్టి మాట ‘గోట్’, మేకకూ అదే మాట, అలా వచ్చింది. “ఆదివారం 🐐🍚” అయితే మటన్ కూర. 🚩 పెళ్లి సంబంధం గురించి మాట్లాడుకునే చోట ‘జాగ్రత్త, తేడా ఉంది’ అని చెబుతుంది, “జై శ్రీరామ్ 🚩”లో అది కాషాయ జెండా.

తరచుగా ఎదురయ్యే ఇంకొన్ని: 👉👈 మొహమాటం (“ఒక 500 సర్దుతవా మామా 👉👈🥺”). 👁️👄👁️ నోరెళ్లబెట్టి చూడటం. 👀🍿 ఎవరో గొడవ పడుతుంటే తీరిగ్గా చూస్తున్నా అని. 🙂 ఒక్కటే, పొడి జవాబు వెనక వస్తే చాలాసార్లు అలకే.

పిల్లల ఫోటోల కింద 🧿 పెట్టడం మనకూ అలవాటైంది. 🍋🌶️ మాత్రం అచ్చంగా మన కలయిక: కొత్త బండి, కొత్త షాపు ఫోటో కింద దిష్టి తగలకుండా.

5. అవతలి ఫోన్‌లో ఏం కనిపిస్తుందో ఆలోచించండి

❤️‍🔥 ఒకే బొమ్మలా ఉన్నా లోపల ప్రధానంగా మూడు ముక్కలు: గుండె, కంటికి కనిపించని అతుకు అక్షరం, మంట. ఆ అతుకు తెలియని పాత ఫోన్‌లో ❤️🔥 అని విడివిడిగా పడుతుంది. ❤️‍🩹 అయితే గుండె పక్కన ఒక ఖాళీ పెట్టె రావచ్చు. ‘మానుతున్న మనసు’ అని మీరు పంపింది అవతల ఏమీ అర్థం కాదు. తెలుగు టైపు చేసేవాళ్లకు ఈ కనపడని అక్షరాలు కొత్త కాదు. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ కింద ‘వ’ వత్తుగా దిగిపోకుండా ఆపేది ఆ అతుకుకు తోబుట్టువే, విడదీసే అక్షరం.

🥭 2018లో వచ్చింది. 🪔, 🛕, 🛺, 🥻, 🪁 2019లో వచ్చాయి. ఎమోజీలను ఖరారు చేసే యూనికోడ్ సంస్థ ఆమోదించాక ఫోన్ కంపెనీ బొమ్మ గీసి అప్‌డేట్ ఇస్తేనే కనిపిస్తాయి. అందుకే ఇంట్లో పెద్దవాళ్ల పాత ఫోన్‌కు సంక్రాంతి 🪁, దీపావళి 🪔 ఖాళీ డబ్బాలుగా చేరతాయి. వాళ్లకు “దీపావళి శుభాకాంక్షలు అత్తయ్యా ✨” చాలు, ✨ పాత ఫోన్లలోనూ ఉంటుంది.

కొన్నింటికి బొమ్మే లేదు. బిర్యానీకి 🥘 లేదా 🍚🍗 పెడతారు, బతుకమ్మకు 🌼🌸🌺, బోనానికి 🏺🪔🌿. చార్మినార్‌కు 🕌 పెట్టేవాళ్లున్నారు గానీ “సాయంత్రం 🕌 దగ్గర కలుద్దాం” అంటే ఏ మసీదు అని అడుగుతారు. కలిసే చోటు, టైము, డబ్బు మాత్రం మాటల్లోనే రాయండి.

6. పొరపాటు ఎక్కువగా జరిగే చోట ఆగండి

చావు కబురు కింద 😂 పడటం మన కుటుంబ గ్రూపుల్లో తరచూ జరుగుతుంది. కారణం నిర్లక్ష్యం కాదు, బొమ్మ సైజు. చిన్న తెరమీద కనబడేవి నీళ్లే. కొంచెం దగ్గరగా చూడండి: 😂 కళ్లు పైకి వంగి నవ్వుతాయి, చుక్కలు కళ్ల పక్కన నిలుస్తాయి, పళ్లు కనిపిస్తాయి. 😭లో కన్నీళ్లు రెండు ధారలుగా గడ్డం దాకా కారతాయి. 😢కు ఒకటే చుక్క, నోరు కిందికి వంగి ఉంటుంది. అంత చూసే ఓపిక లేకపోతే ముఖాలే వద్దు. “ఓం శాంతి 🙏” అని రాస్తే ఎవరికీ నొప్పి కలగదు.

🍆, 🍑, 💦 ప్రపంచమంతటా అశ్లీల సైగలుగా స్థిరపడ్డాయి. “గుత్తివంకాయ కూర చేశా 🍆” అంటే ఇబ్బంది లేదు, పక్కన కూర పేరుంది. ఒంటరిగా గానీ, ఆ మూడింటిలో రెండు కలిపి గానీ పంపకండి.

వాట్సాప్‌లో 2022 నుంచి సందేశాన్ని నొక్కి పట్టుకుంటే ఎమోజీతో స్పందించే వీలుంది. తప్పుది పడితే, మీరు పెట్టిన దాన్ని నొక్కి తీసేయవచ్చు. అవతల నోటిఫికేషన్ అప్పటికే వెళ్లి ఉండొచ్చు కాబట్టి, ముఖ్యమైన మనిషి అయితే “పొరపాటున తగిలింది అన్నా” అని ఒక ముక్క రాయండి.

చూపు లేనివాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్ లాంటి సదుపాయంతో సందేశాలు వింటారు. అది ప్రతి బొమ్మ పేరునూ చదివి వినిపిస్తుంది. మాటల మధ్యలో ఎమోజీలు గుచ్చితే వాక్యం తెగిపోతుంది. 🎉 పది పెడితే పేరును పదిసార్లు వినాల్సి రావచ్చు. గ్రూపులో అలాంటివాళ్లు ఉంటే ఎమోజీలు వాక్యం చివర పెట్టండి, మూడు దాటనివ్వకండి.