కథ ఎక్కడ చెడిందో పట్టుకోవడం: ప్లాట్ సమస్యలు, రిపేర్లు

కర్ణుడి చావుకి కారణాలనేకం అంటారు కదా, కథ చావుకీ అంతే. కాకపోతే కథ ఎక్కడ చచ్చినట్టు కనిపిస్తుందో కారణం అక్కడ ఉండదు, ఎప్పుడు చూసినా ఇంకాస్త వెనకాలే ఉంటుంది. క్లైమాక్స్ బాలేదని ఒట్టి క్లైమాక్స్‌నే పదిసార్లు తిరగరాసి చివరికి విసుగొచ్చి ఫైలే డిలీట్ చేసినవాణ్ణి నేను, అందుకే చెప్తున్నా.

వెనక్కి వెతకడం మనకి చిన్నప్పుడే నేర్పారు, ఏడు చేపల కథలో. చేప ఎండలేదు, ఎందుకంటే గడ్డిమేటు అడ్డొచ్చింది, దాన్ని ఆవు మేయలేదు, ఆవుని పాలేరు మేపలేదు, పాలేరుకి అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడుస్తుంటే అవ్వ వాణ్ణి వదిలి రాలేదు, వాడెందుకు ఏడ్చాడంటే చీమ కుట్టింది. చేపని ఎన్నిసార్లు తిప్పి చూసినా చీమ దొరకదు. మన పని చీమ దాకా వెళ్ళడం.

వేరేవాళ్ళ కథలు ఎందుకు గానీ నా కథే తీసుకుందాం. సిటీలో అప్పులపాలైన కొడుకు, ఊళ్ళో ఉన్న రెండెకరాలు అమ్మిద్దామని వస్తాడు, నాన్న ఒప్పుకోడు. ఇంతే.

సమస్య: చదివేవాళ్ళు మొదటి పేజీ దాటట్లేదు

ఫస్ట్ డ్రాఫ్ట్ మా బావకి ఇచ్చా. రెండో పేజీకే ఫోన్ తీశాడు. నేనేం రాశానంటే బస్సు, బస్సు కిటికీ, కిటికీలోంచి పొలాలు, పొలాలు చూస్తే చిన్నప్పటి జ్ఞాపకాలు, ఇలా రెండున్నర పేజీలు.

కారణం: పరిచయం అంటే వర్ణన అనుకోవడం. మొదట్లో చెప్పాల్సింది ఎవరు, ఎక్కడ, రోజూ ఎలా ఉండేది, ఇవాళ ఏం తేడా వచ్చింది అనేవే. ఈ నాలుగోది లేకపోతే మొదటి మూడూ ఎంత అందంగా రాసినా కథ స్టార్ట్ అవ్వదు, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే.

రిపేర్: రోజువారీ బతుకు ఎక్కడ తెగిందో ఆ వాక్యం వెతికి పట్టుకుని పైకి లాగండి, మిగతా వివరాలు తర్వాత అక్కడక్కడ జల్లుకోవచ్చు. గురజాడ 1910లో రాసిన దిద్దుబాటు చూడండి, అర్ధరాత్రి దాటాక ఒకతను తలుపు కొడుతుంటాడు, తలుపు తెరుచుకోదు, అక్కడే మొదలు. అతనెవరు, ఎక్కణ్ణించి వస్తున్నాడు అనేది మనకి తర్వాత తెలుస్తుంది, ఈలోపు మనం ఆ గుమ్మం దగ్గర ఇరుక్కుపోయి ఉంటాం. నేను కూడా బస్సు మొత్తం తీసేసి, కొడుకు బీరువా వెతుకుతుంటే పట్టాదారు పాసుపుస్తకం కనిపించకపోవడం దగ్గర మొదలుపెట్టా. నాన్న దాచేశాడని వాడి అనుమానం.

సమస్య: మధ్యలో సాగుతోంది

నాకు తెలిసి ఎక్కువ కథలు పోయేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ముందు ఒక టెస్ట్. మీ సీన్లన్నీ ఒక్కో లైనుగా కాగితం మీద రాయండి, రెండు లైన్ల మధ్య ఏ మాట పడుతుందో చూడండి. "అందుకని" గానీ "కానీ" గానీ పడితే ఓకే. "ఆ తర్వాత" మాత్రమే పడుతుంటే మీ దగ్గరున్నది ప్లాట్ కాదు, డైరీ. కొడుకు నాన్నని అడిగాడు, ఆ తర్వాత అమ్మతో అడిగించాడు, ఆ తర్వాత మేనమామతో చెప్పించాడు. నాది సరిగ్గా ఇలాగే ఉంది. మూడు సీన్లూ నిజానికి ఒకటే, మనుషులు మారారంతే. వరస మార్చినా ఏ తేడా రాదు, వరస మార్చినా తేడా రావట్లేదంటే అదే జబ్బు.

రిపేర్: ప్రతి ప్రయత్నానికీ ఏదో ఒకటి పోవాలి, వెనక్కి వెళ్ళే దారి మూసుకోవాలి. నాన్న కాదన్నాడు, అందుకని కొడుకు ఆయనకి చెప్పకుండా కొనేవాడి దగ్గర బయానా తీసుకున్నాడు. ఆ డబ్బు అప్పులోళ్ళకి కట్టేశాడు, ఇక వద్దనుకున్నా వెనక్కి తగ్గలేడు. చూడండి, కొత్త పాత్ర ఎవరూ రాలేదు, బరువు మాత్రం పెరిగింది.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని నాటకాల మీద వచ్చిన పాత సంస్కృత గ్రంథం దశరూపకం చదివాకే పట్టుకున్నా. అందులో నాయకుడి పనికి ఐదు దశలు చెప్పారు: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. మూడోది చూడండి, ప్రాప్త్యాశ, అంటే దొరుకుతుందేమో అన్న ఆశ కనపడటం. నా కథలో నాన్న మొదటి నుంచి చివరి దాకా కాదంటూనే ఉన్నాడు, మరి చదివేవాడికి టెన్షన్ ఎందుకుంటుంది, ముందే తెలిసిపోయిందిగా. ఒక రాత్రి భోజనాల దగ్గర ఆయన మెత్తబడి "చూద్దాంలేరా" అనే సీన్ పెట్టా. ఆ ఒక్క మాటతో తర్వాతి రెండు పేజీలు వాటంతటవే బిగుసుకున్నాయి.

సమస్య: క్లైమాక్స్ తేలిపోతోంది

నా మొదటి క్లైమాక్స్‌లో అమెరికా నుంచి చిన్నాన్న దిగి అప్పంతా తీర్చేశాడు. నవ్వకండి, అప్పట్లో నాకు కన్నీళ్ళొచ్చాయి రాస్తుంటే.

కారణం: హీరోని గట్టెక్కించింది రచయిత. కష్టం ఎటునుంచైనా ఊడిపడొచ్చు, పాఠకుడు ఏమీ అనుకోడు. కైకకి రెండు వరాలున్నాయని మంథర పట్టాభిషేకం ముందు గుర్తు చేస్తుంది, ఇప్పుడా చెప్పేది అని మనమెవరం అడగం, ఎందుకంటే అది కష్టం తెచ్చింది. అదే గట్టెక్కించేదైతే ముందే కనపడి ఉండాలి. ఎవరినైనా ముంచేసే చివరి దెబ్బకి కూడా అంతే. కర్ణుడి రథచక్రం నేలలో దిగబడటం ఒట్టి బ్యాడ్ లక్ అనిపించదు, మన ఇళ్ళల్లో భారతం చెప్పేవాళ్ళు శాపాల సంగతి ముందే చెప్పి ఉంచుతారు కదా.

రిపేర్: క్లైమాక్స్‌ని ముట్టుకోకండి. మొదటి పేజీకి వెళ్ళి బీజం వెయ్యండి, లేదా అక్కడ ఆల్రెడీ పడి ఉన్నదాన్ని వాడుకోండి. నాకు పాసుపుస్తకం ఉంది. నాన్న దాచలేదు, అది అసలు ఇంట్లోనే లేదు. కొడుకు ఇంజనీరింగ్ ఫీజుల కోసం తెచ్చిన అప్పు కింద ఎప్పుడో తాకట్టుకి వెళ్ళిపోయింది, ఆయన పొలం అమ్మనని అన్నది మొండితనంతో కాదు, అమ్మడానికి చేతిలో ఏమీ లేక. చిన్నాన్నకి ఫ్లైట్ టికెట్ మిగిలింది.

ఇంకో చిన్న మాట, కొందరు కథ ఎక్కి దిగడాన్ని చూపించే ఆ త్రికోణం బొమ్మ చూసి తికమకపడి క్లైమాక్స్ పాడుచేసుకుంటారు. ఆ లెక్క 1863లో ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత పెద్ద నాటకాల కోసం, ఐదంకాలవాటి కోసం చెప్పింది. అందులో శిఖరం మధ్యలో ఉంటుంది, అంటే కథ మలుపు తిరిగే చోటు. మన సినిమా భాషలో ఇంటర్వెల్ బ్యాంగ్‌కి దగ్గర. నాలుగు పేజీల కథకి దాన్ని కొలతలు పెట్టి అతికించక్కర్లేదు.

సమస్య: "బానే ఉంది, ఐతే ఏంటి?" అంటున్నారు

హీరోకి ఏం కావాలో, దొరక్కపోతే ఏం పోతుందో చెప్పలేదన్నమాట. ఏడు చేపల కథలో ఉన్న లోటు కూడా ఇదే, చేప ఎండకపోతే రాజుగారి కొడుక్కి పోయేదేం లేదు, అందుకే ఆ గొలుసు సరదాగా ఉంటుంది గానీ ఎవరికీ గుండె దడ రాదు. ఒక్క వాక్యంలో రాయండి, ఫలానా రోజులోగా ఫలానాది దొరక్కపోతే ఫలానాది పోతుంది అని. రాయలేకపోతే కథ ఇంకా లేదు.

సమస్య: ముగింపు అయ్యాక ఇంకో ముగింపు

ముడి విప్పడం అయ్యాక సర్దుబాటు కొంచెం ఉండాలి, ఐతే కొంచెమే. చివరి రెండు పేరాలు చేత్తో మూసేసి చదవండి, ఏమీ పోలేదనిపిస్తే కొట్టేయండి. నేను తిరుగు బస్సు, చందమామ, తండ్రుల గొప్పతనం మీద నాలుగు లైన్లు, అన్నీ తీసేశా. ఇప్పుడు కొడుకు బీరువా తలుపు మూయడంతో అయిపోతుంది.

మళ్ళీ మా బావకి ఇచ్చా. ఈసారి ఫోన్ తీయకుండా చివరిదాకా చదివి, బానే ఉంది గానీ ఆ బయానా డబ్బులు ఎవరు తిరిగిచ్చారు అన్నాడు. మళ్ళీ కాగితం తీసి సీన్లు రాస్తున్నా.